కంపలదొడ్డికి పడవ

మా కాలేజీకి స్వాతంత్ర్యం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మంగళవారం. పదకొండు గంటలకు ఇస్తామని చెప్పి, నెట్‌వర్క్ సరిగ్గా లేక పన్నెండున్నరకు ఇచ్చారు.

అంతవరకూ మా కంపలదొడ్డి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ రాజధాని చేతుల్లో ఉండేది. ఇక్కడ సుద్దముక్క విరిగినా అక్కడ తెలియాలి. కిటికీ తలుపు ఊడిందని రాసి పంపితే, లోపలికి ఊడిందా బయటికి ఊడిందా తెలపగలరు అని తిరుగు టపా వచ్చేది. మేం జవాబు రాసేలోపు రెండో తలుపు కూడా ఊడేది. ఎక్కడి కాలేజీ సంగతి అక్కడివాళ్లే చూసుకోవాలని సంఘాలు అడిగాయి, పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి, ఒక కమిటీ కూడా వేశారు. రాజధాని చాలాకాలం ఆలోచించి చివరికి సరేనంది. అధికారాన్ని ఊరూరికీ పంచిపెట్టడానికి రాజధాని నడిబొడ్డున ఎనిమిదంతస్తుల భవనం కట్టి, దానికి వికేంద్రీకరణ కేంద్ర కార్యాలయం అని పేరు పెట్టింది.

నేను ఈ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ పని కూడా నా నెత్తినే ఉంది. మా ప్రిన్సిపాల్ ఉరుకుందప్ప గారిది వృక్షశాస్త్రం. మెత్తని మనిషి. పైనుంచి ఫోనొస్తే కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. వీడియో సమావేశంలోనూ అలాగే లేచి నిలబడేవాడు కాబట్టి, పదేళ్లుగా రాజధానికి తెలిసిన ఉరుకుందప్ప గారంటే ఒక బెల్టూ, దానిపైన మూడు బొత్తాలూ.

ఆ మంగళవారం తెర మీద కనిపించినవారు ఆ కేంద్ర కార్యాలయపు సంయుక్త సంచాలకులు శేషతల్పశాయి గారు.

"ఈ క్షణం నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలన్నీ స్వేచ్ఛ పొందినట్లుగా భావించవలసిందిగా కోరడమైనది," అన్నారాయన. "ఇకపై మీ నిర్ణయాలు మీరే తీసుకుంటారు. ఏ నిర్ణయాలు తీసుకోవాలో మార్గదర్శకాల్లో పొందుపరచడం జరిగింది. సందేహాలుంటే నిర్భయంగా అడగవచ్చు. అడగదగిన సందేహాలు అనుబంధంలో ఉన్నాయి."

మేం చప్పట్లు కొట్టాం. ఎంతసేపు కొట్టాలో కూడా మార్గదర్శకాల్లోనే ఉందని తర్వాత తెలిసింది. మేం కొంచెం తక్కువ కొట్టామట.

అసలు సంగతేమిటంటే, ప్రతి కాలేజీకీ ఏడుగురితో ఒక స్థానిక పాలక మండలి ఉండాలి. స్థానికత అనేది ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా ఉంటే సమానత్వం దెబ్బతింటుంది గనక, రాష్ట్రం మొత్తానికీ వర్తించే ఒకే స్థానికతను రాజధాని ముందే తయారుచేసి పెట్టింది. అందుకోసం ఒక నిపుణుల బృందం సముద్రపు ఒడ్డున ఉన్న ఏదో కాలేజీకి వెళ్లి, రెండు రోజులు ఉండి, చేపల పులుసు తిని, స్థానికత అంటే ఇదే అని రాసుకొచ్చింది. కాబట్టి మండలిలో మిగతా ఆరుగురూ ఎవరైనా ఫరవాలేదు గానీ, ఏడో మనిషి మాత్రం మత్స్యకారుడై తీరాలి. ఆయన లేకపోతే కోరం లేదు. కోరం లేకపోతే సభ లేదు. సభ లేకపోతే కాలేజీలో పూచికపుల్ల కదపడానికి వీల్లేదు.

కంపలదొడ్డి గురించి రెండు మాటలు చెప్పాలి. మా దగ్గర ఏరు లేదు, కాలువ లేదు. చెరువు ఉంది గానీ అందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. వాన మా ఊరికి దూరపు చుట్టం. వస్తానని కబురు పెడుతుంది, రాదు. చేప అంటే మాకు బుధవారం సంతలో ఐసుగడ్డ మీద పడుకుని వచ్చేదే.

పడవలూ చేపలూ మాకు నవ్వులాటే అయ్యేవి, హాస్టల్ బోరు మోటారు కాలిపోకుండా ఉంటే. స్వాతంత్ర్యం వచ్చిన వారానికే అది కాలిపోయింది. హాస్టల్‌కు ఉన్న ట్యాంకు మేడ మీద ఉంది. పంచాయతీ ట్యాంకరు రోజూ వస్తుంది గానీ దాని గొట్టం మేడ దాకా అందదు. ట్యాంకరు నిలబడే కాసేపట్లో బిందెల్లో బకెట్లలో పట్టుకున్నంతే. వంటకు పోగా మిగిలేది మొహం కడుక్కోవడానికి చాలదు.

మోటారు బాగుచేయిద్దామంటే, వెనకటి పద్ధతిలో అయితే రాజధానికి రాసేవాళ్లం. రాశాం. మీరిప్పుడు స్వతంత్రులు, మీ మండలే తీర్మానించుకోవాలి అని జవాబొచ్చింది. పోనీ మేమే తలా కొంత వేసుకుని చేయిద్దామంటే, పక్క తాలూకా కాలేజీలో అట్లా చేసిన ప్రిన్సిపాల్‌కు, ప్రభుత్వ ఆస్తి పట్ల ప్రైవేటు ఆప్యాయత కనబరిచినందుకు మెమో వచ్చింది. ఆ మాట వినగానే ఉరుకుందప్ప గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఆడపిల్లలకు నీళ్లు లేకపోవడమంటే ఏమిటో ఎనిమిదంతస్తుల మీద కూర్చున్నవాళ్లకు తెలియదు. నా పిల్లలు నీళ్లు తాగడం మానేశారు. తాగితే లేవాల్సి వస్తుంది, లేచి పోవడానికి చోటు లేదు, కడగడానికి చుక్క లేదు. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. ఎండాకాలంలో. లెక్కలతోపాటు అర్థశాస్త్రం తీసుకుని చివరి సంవత్సరం బీఎస్సీ చదివే వన్నూరమ్మ ఒకరోజు నా క్లాసులో డిమాండు రేఖ గీస్తూ గీస్తూ బోర్డు ముందే పడిపోయింది. డాక్టరు చూసి, ఈ పిల్ల ఒంట్లో నీళ్లు లేవమ్మా అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అప్పటికే నలుగురు పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. మా పిల్లల ఊళ్లకు సరైన బస్సుల్లేవు. హాస్టల్ వదిలారంటే చదువు వదిలినట్టే. వెళ్లినవాళ్లు శనక్కాయలు వొలిచే పనికి కుదురుకుంటారు, ఇక రారు. వన్నూరమ్మ వాళ్ల నాయన కూడా కబురు పంపాడు, నెలాఖరు దాకా చూస్తానని.

కాబట్టి మాకు మత్స్యకారుడు కావాలి. అదీ వెంటనే.

మార్గదర్శకాలు నేనూ ప్రిన్సిపాల్ గారూ కూర్చుని అక్షరమక్షరం చదివాం. ఒకచోట మత్స్యకారుడు అనగా నీటితో నిత్య జీవనోపాధి సంబంధము కల వ్యక్తి అని ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బయట ట్యాంకరు హారను వినిపించింది.

ట్యాంకరు డ్రైవరు కుళ్లాయప్ప యాభై దాటినవాడు, తలకు ఎప్పుడూ ఎర్ర తువ్వాలు. విషయం చెప్పగానే తువ్వాలు తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

"చేపలు పట్టేది నాకు యాడ తెలుసు సార్. మా ఇంట్లో తినేది కూడా లేదు. ముల్లు ఇరుక్కుంటాదని మా యమ్మ చిన్నప్పుడే బెదిరించింది."

"పట్టాల్సిన పని లేదు కుళ్లాయప్పా. సంతకం పెడితే చాలు," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"పిలకాయలకు నీళ్లు వస్తాయంటే పెడతా. కానీ ట్యాంకరు వీధిలో నిలబెట్టొచ్చినా. బిన్నా కానియ్యండి."

మండలి మొదటి సభ అంత బిన్నానే, అంత త్వరగానే అయిపోయింది. హాస్టల్ మోటారు బాగుచేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. దాన్ని స్వతంత్రతా ధ్రువీకరణ కోసం రాజధానికి పంపాం. ధ్రువీకరణ ఎందుకంటారా? తీర్మానం మేం స్వేచ్ఛగా చేశామో లేదో వాళ్లు చూసి చెప్పాలి కదా.

చేయలేదు అని తేల్చారు. కారణాలు రెండు. ఒకటి, రాష్ట్రంలోని మిగతా కాలేజీలన్నీ స్వేచ్ఛగా ఆలోచించి, అనుబంధంలో ఇచ్చిన ఒకే తీర్మానాన్ని అక్షరం పొల్లుపోకుండా చేశాయి; మీరొక్కరే వేరేగా చేశారు, దీన్నిబట్టి మీ మీద ఎవరిదో ఒత్తిడి ఉన్నట్లు కనబడుతున్నది. రెండు, మీ సభలో మత్స్యకార ప్రతినిధి చేపల ఊసే ఎత్తలేదు; స్థానిక గొంతు నొక్కివేయబడినదన్న అనుమానం బలపడుతున్నది. కావున ఆ ప్రతినిధిని నేరుగా విచారిస్తాం.

విచారణ తెర మీదే జరిగింది. ప్రిన్సిపాల్ గారు నిలబడ్డారు. ఆయన బెల్టు పక్కన కుళ్లాయప్ప కూర్చున్నాడు.

"మత్స్యకార సోదరా, భయపడవద్దు," అన్నారు శేషతల్పశాయి గారు. "కేంద్రం మీ వెనుక ఉంది. మీ జీవనోపాధికి ప్రధాన అవరోధం ఏమిటి?"

"నీళ్లు సార్."

"నీళ్లలో ఎటువంటి సమస్య?"

"నీళ్లల్లో ఏం సమస్య లేదు సార్. నీళ్లే లేవు."

శేషతల్పశాయి గారు పక్కనున్న వారితో ఏదో మాట్లాడి, రాసుకుని, గొంతు సవరించుకున్నారు.

"మీ ఆవేదన అర్థమైంది. నీరు అనేది ప్రకృతి పరిధిలోని అంశం. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోజాలదు. ప్రభుత్వ పరిధిలో ఉన్నది పడవ. అది ఇందుమూలంగా మంజూరు చేయడమైనది."

"పడవ వద్దు సార్," అన్నాడు కుళ్లాయప్ప. "మోటారు కావల్ల."

"మోటారు ఉన్న పడవల విషయం రెండో దశలో పరిశీలిస్తాం. మొదటి దశలో తెడ్లు మాత్రమే," అని తెర ఆగిపోయింది.

ప్రభుత్వం తలచుకుంటే ఎంత వేగంగా పనిచేయగలదో అప్పుడు చూశాం. మోటారుకు కదలని రాజధాని పడవకు పరుగెత్తింది. పది రోజుల్లో లారీ మీద పడవ వచ్చింది. నీలం రంగు ఫైబర్ పడవ, ముందు భాగాన కళ్లు గీసి ఉన్నాయి, అడుగున ముక్కూ మొహం తెలియని ఏదో పథకం పేరు. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు. ఓడ బండెక్కి ఊరేగుతూ రావడం మాత్రం మా ఊరు అదే చూడటం. దారి పొడుగునా జనం బయటికొచ్చారు. లారీ మీద అంత రంగురంగుల వస్తువు వచ్చిందంటే మావాళ్లకు దేవర ఊరేగింపు తప్ప ఇంకోటి తోచదు. వడ్లవీధిలో ఒక అవ్వ లారీ ఆపించి పడవకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. ఏ దేవతమ్మా అని ఎవరో అడిగితే, నీళ్ల దేవతంట అని చెప్పింది. మా ఊళ్లో ఆ పడవను సరిగ్గా అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే.

లారీ డ్రైవరు కోస్తా మనిషి. కాలేజీ ఆవరణలో దిగి, నలుదిక్కులా తుమ్మకంపలు చూసి, ఉరుకుందప్ప గారి దగ్గరికొచ్చాడు.

"ఏవండీ, రేవు ఎటువైపండి?"

"రేవు ఇంకా మంజూరు కాలేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు, చాలా గంభీరంగా.

పడవను హాస్టల్ వెనక, మోటారు కాలిపోయిన బోరు పక్కన దించారు. దానితోపాటు షరతులు కూడా దిగాయి. పడవ నిత్యం వాడుకలో ఉండాలి. రోజూ ఫొటో తీసి రాజధానికి పంపాలి. విద్యార్థులందరికీ తీర జీవనోపాధి అనే పాఠ్యాంశం ఉండాలి. ఆ పాఠం చెప్పే భాగ్యం అర్థశాస్త్రం వాళ్లకే దక్కింది. ఎండలో మేం లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవలో వరసగా కూర్చుని ఫొటో దిగేవాళ్లం. వ్యాయామోపాధ్యాయుడు ప్రాక్టికల్స్ పేరుతో క్లాసు మొత్తాన్ని పడవలో కూర్చోబెట్టి తెడ్లు వేయించేవాడు. పడవ కదిలేది కాదు గానీ దుమ్ము మాత్రం ఆఫీసు గది దాకా వచ్చేది.

ఆటుపోట్ల గురించి చెబుతున్న రోజు వన్నూరమ్మ లేచింది.

"మేడం, నీళ్లు వచ్చేది, వెనక్కి పోయేది అంటాండారు. మన ట్యాంకరు మాదిరేనా?"

"అంతేనమ్మా. కాకపోతే సముద్రం హారను కొట్టదు," అన్నాను.

పిల్లలు నవ్వారు. నవ్విన పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. ఆ వారమే మరో ముగ్గురు ఇళ్లకు వెళ్లిపోయారు. నెలాఖరు దగ్గరపడింది. వన్నూరమ్మ పెట్టె సర్ది మంచం కింద పెట్టుకుంది. ఊరికే సర్దినా మేడం, అంది, నేను అడగకముందే.

మరుసటి రోజు పొద్దున ట్యాంకరు వచ్చిన చప్పుడు వినిపించింది గానీ బిందెల చప్పుడు వినిపించలేదు. వెనక్కి వెళ్లి చూశాను. పిల్లలందరూ పడవలోకి దిగి బూడిద పెట్టి తోముతున్నారు. కుళ్లాయప్ప గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి అందరూ ఆగిపోయారు.

"ఏం చేస్తున్నారే?"

వన్నూరమ్మ చేతులు తుడుచుకుంది. "బయట ఉండే నీళ్లు లోపలికి రానీకుండా చేసినారు కదా మేడం దీన్ని. లోపలుండేవి మాత్రం బయటికి యాడ పోతాయి?"

నేను వార్డెన్ను. ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగం అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "కానివ్వండి," అన్నాను.

ట్యాంకరులో సగం పడవలోకి పోయింది. ఒక్క చుక్క కారలేదు. పైన టార్పాలిన్ కప్పారు. తాగేవి వడగట్టి కాచుకున్నారు, మిగతావి వాడుకున్నారు. నా పిల్లలు రెండు నెలల తర్వాత ఆ రోజు తలస్నానాలు చేసి, జుట్టు ఆరబోసుకుంటూ మెట్ల మీద వరసగా కూర్చున్నారు. ఆ దృశ్యం చూడటానికి నేను ఎనిమిదంతస్తులైనా ఎక్కుతాను. కబురు విని ఊళ్లకు పోయినవాళ్లలో నలుగురు తిరిగి వచ్చారు. వన్నూరమ్మ మంచం కింద పెట్టె విప్పేసింది. పడవ ఎట్టకేలకు నిత్యం వాడుకలోకి వచ్చింది.

అంతా బాగానే ఉండేది, మా గుమస్తా ఆ ఫొటో పంపకుండా ఉంటే. రోజూ అలవాటు ప్రకారం తీసి పంపేశాడు. అందులో పడవ నిండా నీళ్లున్నాయి. గొట్టం ఇరుక్కుంటే సరిచేయడానికి దిగిన కుళ్లాయప్ప మోకాళ్ల లోతున నిలబడి, చెయ్యి పైకెత్తి, గొట్టం ఆపమని ఎవరికో చెబుతున్నాడు. మర్నాటి ఫొటోలో పడవ మీద టార్పాలిన్ కప్పి ఉంది. కుళ్లాయప్ప లేడు.

మూడో రోజు రాజధాని నుంచి సంతాప సందేశం వచ్చింది. కంపలదొడ్డి తీరంలో పడవ నీటమునిగిన ఘటన తీవ్రంగా కలచివేసినది. చేయి పైకెత్తి సహాయం కోరుతూనే గల్లంతైన మత్స్యకార ప్రతినిధి శ్రీ కుళ్లాయప్ప కొరకు గాలింపు చర్యలు ముమ్మరం చేయడమైనది.

ప్రిన్సిపాల్ గారు చదివి వినిపిస్తుంటే కుళ్లాయప్ప గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"గల్లంతంటే సచ్చినట్లా సార్?"

"లేదప్పా. వెతుకుతాండారు."

"యాడ?"

"అదే తెలియడం లేదు."

నాలుగు రోజులకు శేషతల్పశాయి గారే స్వయంగా దిగారు. వెంట ఇద్దరు గజ ఈతగాళ్లు కూడా వచ్చారు. పాపం, పొట్టి నిక్కర్లేసుకుని వచ్చిన ఆ ఇద్దరూ మా చెరువులో క్రికెట్ చూసి గట్టు మీద కూర్చున్నారు. తర్వాత వాళ్లలో ఒకడు ఫీల్డింగుకు వెళ్లాడు.

శేషతల్పశాయి గారు పడవ చుట్టూ ఒకసారి తిరిగి, టార్పాలిన్ తీయించి, లోపలికి చూశారు. చుట్టూ పిల్లలు బిందెలతో నిలబడ్డారు. ఉరుకుందప్ప గారు మాత్రం, ఎండ దెబ్బకో ఏమో, పడవ అంచు మీద కూర్చుని ఉన్నారు.

"పడవ నీటిలో ఉండవలెను," అన్నారు శేషతల్పశాయి గారు. "ఇక్కడ నీరు పడవలో ఉన్నది. ఇది మార్గదర్శకాలకు పూర్తి విరుద్ధం. తక్షణం తోడి పారబోయించండి."

"రోజూ తోడతానే ఉండాం సార్," అంది వన్నూరమ్మ, బిందె చూపిస్తూ. "మళ్లా నిండుతాండాది."

ఆయన దాన్ని ప్రమాద తీవ్రతగా నోట్ చేసుకున్నారు. "మొత్తం ఒకేసారి ఖాళీ కావాలి. ఈ రోజే."

పిల్లలు నా వైపు చూశారు. నేను ప్రిన్సిపాల్ గారి వైపు చూశాను. ఆయన లేచి నిలబడతారనుకున్నాను. లేవలేదు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని, చాలా మెల్లగా అడిగారు.

"సార్, ఇది మీ ఆదేశమా?"

శేషతల్పశాయి గారికి తేలు కుట్టినట్టయింది. "ఆదేశమా? ఎంత మాట. మేం ఆదేశాలు ఇవ్వడం మానేసి మూడు నెలలు కావస్తోంది. కళాశాలలు స్వతంత్రం. నీటిని పారబోయాలని మీ మండలే స్వచ్ఛందంగా తీర్మానిస్తుంది. తీర్మానం నేనే తెచ్చాను. సంతకాలు చేయండి."

మండలి సభ్యులు అక్కడే ఉన్నారు. కుళ్లాయప్ప కూడా తువ్వాలు సర్దుకుని ముందుకొచ్చాడు.

"వీరెవరు?"

"కుళ్లాయప్పను సార్. ఆపొద్దు టీవీలో మనిద్దరం మాట్లాడుకున్నాం."

"కుళ్లాయప్ప గల్లంతయ్యారు. కేంద్రంలో నమోదైంది."

"నేనే సార్. ఈడే ఉండాను. మీ చెయ్యి పట్టుకునేదా?"

శేషతల్పశాయి గారు రెండడుగులు వెనక్కి వేశారు. "మీరు మీరే అనేది స్థానికుల అభిప్రాయం. స్థానిక అభిప్రాయాలను మేం ఎంతగానో గౌరవిస్తాం. అయితే నిర్ధారణ కేంద్రంలోనే జరగాలి. అంతవరకు మీరు గల్లంతయి ఉండాలి."

"అట్లయితే సార్," అన్నారు ఉరుకుందప్ప గారు కూర్చున్న చోటి నుంచే, "మాకు మత్స్యకారుడు లేడు. కోరం లేదు. నీళ్లు పారబోయడానికి తీర్మానం చేయలేం. మీరు జోక్యం చేసుకోరు. మేం స్వతంత్రులం గానీ ఏమీ చేయడానికి లేదు. మీ మార్గదర్శకమే."

పదేళ్లలో ఆయన మొహం రాజధాని చూడటం అదే మొదలు. శేషతల్పశాయి గారు తెచ్చిన తీర్మానం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన కారెక్కబోతుంటే వన్నూరమ్మ అడ్డం వెళ్లింది.

"సార్, మా మోటారు?"

"అది మీ మండలి నిర్ణయించాలమ్మా. కోరం రానివ్వండి," అని ఆయన తలుపు వేసుకున్నారు.

అన్నవాడు మాట నిలబెట్టుకున్నాడు. జోక్యం చేసుకోలేదు. కాకపోతే రాజధాని వెళ్లి, తాను చూసిందంతా రాసి పెట్టాడు. పడవ మునుగుతోంది, తోడిన కొద్దీ నీరు వస్తోంది, మత్స్యకారుడు దొరకలేదు. ఆ మూడు ముక్కలూ చదివిన ఎనిమిదో అంతస్తు రెండు వారాల్లో తేల్చింది: కంపలదొడ్డి కళాశాల ముంపు ప్రాంతంలో ఉన్నది. హాస్టల్ ఖాళీ చేయించాలి. విద్యార్థినులను సురక్షిత ప్రాంతానికి తరలించిన పిమ్మట కళాశాల మూసివేయబడుతుంది.

ఆ సంవత్సరం మా జిల్లాను కరువు ప్రాంతంగా కూడా ప్రకటించారు. రెండు ప్రకటనలూ ఒకే బోర్డు మీద పక్కపక్కన అంటించాం.

మొదట నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి ఎవరికీ అన్నం సహించలేదు. పరీక్షలకు ఇంకా నెల ఉంది. కాలేజీ మూతపడితే జిల్లా కేంద్రంలో చేరాలి. అక్కడ ఏ ఇల్లు, ఏ హాస్టల్ వీళ్ల కోసం కాచుకుని ఉంది? నీళ్లు లేక ఒకసారి పోబోయిన చదువు, నీళ్లు ఎక్కువయ్యాయని ఇంకోసారి పోబోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఉత్తర్వును బల్ల మీద విసిరేశాను. వన్నూరమ్మ దాన్ని తీసుకుని, వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"సార్," అంది ప్రిన్సిపాల్ గారితో, "భద్రతా కారణాల దృష్ట్యా తరలింపు పడవలోనే జరగవలెను, అని ఉండాది."

"అవునమ్మా. ఇంకో పడవ పంపిస్తారంట."

"మేం ఆ పడవెక్కి పోయినంక కదా కాలేజీ మూసేది?"

"అవును."

"అయితే ఎక్కుతాం సార్. పడవ కదిలిందంటే పోతాం."

ఉరుకుందప్ప గారు ఉత్తర్వు అందుకుని ఆ వాక్యం కింద గీత గీశారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

రెండో పడవ కూడా లారీ మీదే వచ్చింది. వడ్లవీధి అవ్వ దానికీ టెంకాయ కొట్టింది. దాన్ని మొదటి పడవ పక్కనే దించి, బట్టలు ఉతకడానికీ కడగడానికీ పెట్టుకున్నారు పిల్లలు. రోజూ సాయంత్రం మాత్రం నిబంధన ప్రకారం వంతులవారీగా దాని అంచు మీద కూర్చుని చదువుకున్నారు. ప్రిన్సిపాల్ గారు నివేదిక పంపేవారు: విద్యార్థినులు పడవ ఎక్కినారు. తరలింపు కొనసాగుచున్నది. పడవ ఇంకను బయలుదేరలేదు. మీ పనితీరు సంతృప్తికరంగా ఉన్నది, ఇదే వేగం కొనసాగించండి, అని జవాబొచ్చేది.

ఆ వేగంతోనే పరీక్షలు అయిపోయాయి. ఆ వేగంతోనే ఫలితాలు వచ్చాయి.

బోరు మోటారు ఇప్పటికీ బాగుకాలేదు. దానికి మండలి కూర్చోవాలి, మండలికి మత్స్యకారుడు కావాలి, మా మత్స్యకారుడు గల్లంతు. ఆయన కోసం రాజధాని గాలింపు ఇంకా ఆపలేదు. రోజూ పొద్దున్నే గల్లంతైన మనిషి ట్యాంకరు తెచ్చి హారను కొడతాడు. కొత్తగా చేరిన పిల్లలు గొట్టం అందుకుంటారు.

వన్నూరమ్మ మొదటి శ్రేణిలో పాసై, జిల్లా కేంద్రంలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. వెళ్లేరోజు కుళ్లాయప్ప ఆమె పెట్టెను ట్యాంకరు ముందు సీట్లో పెట్టుకుని బస్టాండుకు తీసుకెళ్లాడు. మేమంతా గేటు దాకా వెళ్లాం. వెనక్కి వచ్చాక ఉరుకుందప్ప గారు ఆ రోజు నివేదిక రాయడానికి కూర్చున్నారు. ఏం రాశారని చూస్తే ఒకటే వాక్యం: ఒక విద్యార్థినిని సురక్షితముగా ఒడ్డుకు చేర్చడమైనది.

అంతకన్నా నిజమైన మాట మా కాలేజీ నుంచి రాజధానికి ఎన్నడూ పోలేదు. వారం తిరక్కుండా జవాబు వచ్చింది.

సదరు ఒడ్డు ఏ దిక్కున ఉన్నదో తెలపగలరు.